గుండ్రంగా ఆరు కుర్చీలు

డ్రిల్లు మాస్టారికి ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క పిల్ల పేరూ గుర్తులేదు. అతిశయోక్తి కాదు, కావాలంటే ఆయన్నే అడగండి, గర్వంగా చెబుతాడు. ఏడాదికి ఐదు వందల మంది పిల్లలు, నెత్తిన ఎండ, అందులో పేర్లు బట్టీ పట్టడం మనిషన్నవాడి వల్ల అయ్యే పనేనా అంటాడు. అందుకని బడి తెరిచిన మొదటి వారాల్లోనే ఒక్కొక్కరిని ఎగాదిగా చూసి తనే ఒక పేరు తగిలించేవాడు. తాటిచెట్టంత ఎదిగినవాడు జిరాఫీ. నోరు మూతపడనిది రేడియో. గోల్‌పోస్టు ముందు నిలబెడితే బంతి మీదకొచ్చినా కదలనివాడు బండరాయి. పిల్లలు కిసుక్కున నవ్వేవారు, మాస్టారు మీసం దువ్వుకునేవాడు. ఎంత ముద్దుగా పెట్టాను అని ఆయన మురిపెం. మురిసిపోవడానికేం, ఖర్చా పాడా!

ఆ సోమవారం పొద్దున పెద్దమేడం దగ్గర్నుంచి కబురొచ్చింది. మాస్టారు వెళ్ళేసరికి మేడం ఒక దరఖాస్తు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది.

"రండి మాస్టారూ. ఎనిమిదో తరగతి పిల్ల నాన్న ఇప్పుడే వచ్చి వెళ్ళాడు. టీసీ ఇచ్చెయ్యమంటున్నాడు."

"ఎవరి పిల్లండీ?"

మేడం పేరు చెప్పింది. మాస్టారు సీలింగు ఫ్యాను వంక చూశాడు. అక్కడేమీ రాసి లేదు.

"సన్నగా ఉంటుంది చూడండి. ఆయాసం ఉంది. మందు పీల్చుకునే గొట్టం జేబులో పెట్టుకుని తిరుగుతుంది."

"ఓ, మన కుక్కరా!" అన్నాడు మాస్టారు హమ్మయ్య అనుకుంటూ.

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే ఎవరికో మూడిందని బడిలో అటెండరుకి కూడా తెలుసు.

"గొడవంతా ఆ పేరు గురించేనండీ. ఆ పిల్ల క్లాసులో అడుగు పెడితే చాలు, వెనక బెంచీలోంచి ఒకడు ఉష్‌ష్‌ష్ అంటాడట. ఇంకోమూల నుంచి రెండోది. మూడోది అవగానే క్లాసు క్లాసంతా 'దించెయ్యండి, దించెయ్యండి' అని అరుపులట. ఐదు నెలలుగా ఇదే వరస. ఇప్పుడు బడికి రానని మంచం దిగట్లేదట. శుక్రవారం దాకా చూడండి అని నేనే బతిమాలి పంపించాను. శుక్రవారం సాయంత్రం వచ్చి టీసీ పట్టుకుపోతానన్నాడు. పిల్ల తెలివైంది మాస్టారూ. అలాంటి పిల్ల మన బడిలోంచి ఏడుస్తూ పోతే మనకి సిగ్గుచేటు కాదూ?"

మాస్టారికి రక్తం ఉడికిపోయింది. "ఎవరండీ ఆ వెధవలు? నాకొదిలెయ్యండి. గ్రౌండు చుట్టూ ఇరవై రౌండ్లు తిప్పిస్తే దెబ్బకి దారికొస్తారు."

"కిందటేడు తిప్పించారుగా. కాళ్ళు గట్టిపడ్డాయి, బుద్ధులు అలాగే ఉన్నాయి. ఈసారి తప్పు చేసినవాళ్ళనీ బాధపడ్డవాళ్ళనీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి చేద్దాం. బడి మొత్తానికి దాంట్లో శిక్షణ పొందింది మీరొక్కరే."

అది నిజమే, ఆ నిజం సంగతి కాస్త చెప్పుకోవాలి. వెళ్ళాల్సింది లెక్కల టీచరు. ఆమెకి సమయానికి జ్వరం వచ్చింది. ఖాళీగా కనపడ్డ మాస్టార్ని బస్సెక్కించారు. రెండు రోజుల శిక్షణలో మాస్టారు మొదటి రోజు భోజనం దాకా మెలకువగానే ఉన్నాడు. వచ్చేటప్పుడు ఒక సర్టిఫికెట్టూ ఒక అట్టముక్కా తెచ్చుకున్నాడు. అట్టముక్క మీద నాలుగు ప్రశ్నలు: ఏం జరిగింది? అప్పుడు నీకు ఏమనిపించింది? ఎవరికి ఎలా నష్టం కలిగింది? దాన్ని సరిచెయ్యాలంటే ఏం చెయ్యాలి? అడుగున ఎర్రక్షరాలతో ఒక హెచ్చరిక ఉంది. 'ఎవరు మొదలుపెట్టారు' అని అడగరాదు. శిక్ష మాట ఎత్తరాదు.

"శిక్ష లేకుండా డ్రిల్లు మాస్టారెందుకు, దండగ!" అని గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

మేడం ఆ పిల్ల ఇంటికి ఫోను చేసి, ఒక్కసారి వచ్చి కూర్చుంటే చాలు, మాట్లాడకపోయినా ఫరవాలేదని నచ్చజెప్పింది. మంగళవారం మధ్యాహ్నం ఆటల సామాన్ల గదిలో ఆరు కుర్చీలు గుండ్రంగా వేశారు. ఒక పక్క చిరిగిన వాలీబాల్ నెట్టు, ఇంకో పక్క గీతలు గీసే సున్నం బస్తా, గాలి పోయిన ఫుట్‌బాళ్ళ గుట్ట. మామూలు కుర్చీలు పరీక్షలకి పోయాయని కంప్యూటర్ గదిలోంచి తెచ్చారు. వాటికి కింద చక్రాలు. ఇంకేముంది, ఎనిమిదో తరగతి పిల్లలకి చక్రాల మీద కూర్చోమని చెప్పడమే పాపం! బండరాయి జీవితంలో మొట్టమొదటిసారి కదిలాడు. సున్నం బస్తా దాకా జారి, గోడని తన్నుకుని, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఒరేయ్, గోల్‌పోస్టు దగ్గర చూపించరా ఆ చురుకు!" అని అరిచి, శిక్షణ గుర్తొచ్చి, మాస్టారు గొంతు తగ్గించాడు. "అంటే... నెమ్మదిగా కూర్చో నాయనా."

ఆ 'నాయనా' వినగానే పిల్లలకి భయమేసింది. తిట్టే మనిషి నాయనా అంటే ఏదో పెద్ద ఉపద్రవమే వచ్చిందని నిటారుగా కూర్చున్నారు. మాస్టారికి ఎడంపక్క జిరాఫీ, రేడియో, బండరాయి. కుడిపక్క ఆ పిల్ల, దాన్ని ఆనుకుని దాని బెంచీ స్నేహితురాలు. ఆ స్నేహితురాలిది వినీ వినపడని గొంతు, మాస్టారు దాన్ని పిచ్చుక అంటాడు. ఆ పిల్ల మాత్రం తల దించుకుని తన బూటు లేసుల్నే చూస్తోంది.

మాస్టారు బొచ్చూడిన టెన్నిస్ బంతి ఒకటి తీశాడు. "ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మిగతావాళ్ళు నోరు మూసుకుని... అంటే, శ్రద్ధగా వినాలి. ఇష్టం లేకపోతే పక్కవాళ్ళకి ఇచ్చెయ్యొచ్చు. విసరకూడదు. ఏం జరిగింది?"

బంతి కుడివైపు బయల్దేరింది. ఆ పిల్ల దాన్ని ముట్టుకుని ముట్టుకోనట్టు పక్కకిచ్చేసింది. పిచ్చుక ఏదో అంది. ఎవరికీ వినపడలేదు. "గట్టిగా తల్లీ" అంటే, "ఇది రోజూ బాత్రూములో ఏడుస్తుంది సార్" అని ఈసారి అందరికీ వినపడేలా అని, తన గొంతుకి తనే హడలిపోయి బంతిని బండరాయి ఒళ్ళోకి పడేసింది.

బండరాయి బుర్ర గోక్కున్నాడు. "ఏం జరగలేదు సార్. సరదాగా అన్నాం. ఇది కూడా నవ్వేది కదా."

ఇక్కడ మాస్టారికి ఓపిక పోయింది. సరదా అట, సరదా! నాలుగు ప్రశ్నలూ తిరిగేసరికి సాయంత్రమవుతుంది, దొంగ మాత్రం దొరకడు. ఎర్రక్షరాలు కనపడకుండా అట్టముక్క మీద బొటనవేలు పెట్టి, అడగొద్దన్న ప్రశ్నే అడిగేశాడు. "సరే. అసలీ పేరు ఎవరు మొదలెట్టారు? నీకు ఎవరు చెప్పారు?"

"నాకు వీడు చెప్పాడు సార్" అని బండరాయి బంతిని జిరాఫీకి విసిరాడు.

"నాకు ఇది చెప్పింది సార్." జిరాఫీ బంతిని రేడియోకి విసిరాడు.

దొరికింది దొంగ! మాస్టారు కుర్చీని ముందుకి జరుపుకున్నాడు. అది అనుకున్నదానికన్నా ఎక్కువ జరిగి రేడియో మోకాళ్ళకి తగిలి ఆగింది. "చెప్పవే తల్లీ. నీకెవరు చెప్పారు?"

రేడియో బంతిని అటూ ఇటూ తిప్పింది. ఎప్పుడూ ఆగని రేడియో అప్పుడు ఆగింది. తర్వాత బంతిని మెల్లగా మాస్టారి ఒళ్ళో పెట్టింది.

"మీరే సార్."

"నేనా!"

"అవున్సార్. బడి తెరిచిన రెండో వారంలో రన్నింగ్ పెట్టారు కదా. ఇది నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గరికొచ్చేసరికి దీని ఊపిరి కీచుమని వినిపించింది. మీరు విజిలూది, 'ఏమ్మా కుక్కర్, మూడు విజిళ్ళయ్యాయి, ఇంక దిగిపో తల్లీ' అన్నారు. అందరం నవ్వాం. మీరు కూడా నవ్వారు సార్."

మాస్టారికి గుర్తొచ్చేసింది. పాపం పిల్ల రొప్పుతోందని జాలిపడి, నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు కూడా తెప్పించాడు. ఆ మాట అన్నది కూడా పిల్ల బెదిరిపోకుండా తేలిగ్గా ఉంటుందనే. అని మర్చిపోయాడు. ఆయన మర్చిపోయాడు, నలభై మంది మర్చిపోలేదు.

 గదిలో ఎవరూ మాట్లాడకుండా ఉండటం రేడియో ఒంటికి పడదు. "ఒక్క దీనికే కాదు సార్, మీకు కూడా ఉంది పేరు" అని నోరు జారింది. జిరాఫీ మోచేత్తో పొడిచాడు. ఆలస్యమైపోయింది.

"నాకా? ఏం పేరు?"

"గ్యాస్ బండ" అంది రేడియో.

"ఎప్పట్నుంచి?"

"మా అక్క చదివేటప్పట్నుంచి సార్. అక్కకిప్పుడు ఉద్యోగం కూడా వచ్చేసింది."

బండరాయి నవ్వు ఆపుకోలేక కుర్చీతో సహా సున్నం బస్తా దాకా పోయాడు. మాస్టారికి చెవులు వేడెక్కాయి. బెల్లు కొట్టారు కాబట్టి సరిపోయింది. ఆ పిల్ల లేచి, ఒక్కసారి మాస్టారి మొహం వంక చూసి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికెళ్ళి మాస్టారు బూట్లు కూడా విప్పకుండా బీరువా అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగాడు. వదిలాడు. మళ్ళీ లాగాడు. ఆయన భార్య బట్టలు ఇస్త్రీ చేస్తూ ఇదంతా చూస్తూనే ఉంది.

"ఏంటండీ, అద్దంలో ఏమైనా పారేసుకున్నారా?"

"ఏమోయ్, నేను గ్యాస్ బండలా ఉన్నానా?"

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, తల వాల్చి, తీరిగ్గా చూసింది. "నిండుదా, ఖాళీదా?"

అని ఆవిడ పడీ పడీ నవ్వింది. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని చూసేసరికి మాస్టారు మంచం అంచున కూర్చుని ఉన్నాడు, నవ్వట్లేదు.

"ఏళ్ళ తరబడి అంటున్నారట. నేను వరండాలో నడుస్తుంటే వెనక పిల్లలు నవ్వుకునేవాళ్ళు. నేనంటే ఎంతిష్టమో వీళ్ళకి అనుకునేవాణ్ణి." మాస్టారు దుప్పటి అంచు నలిపాడు. "వట్టి పిచ్చివాణ్ణి. ఒక్క పూటకే నాకింత మంటగా ఉంది. ఆ పిల్ల ఐదు నెలలు పడింది. అది కూడా నేను పెట్టిన పేరుతో."

ఆవిడకి కూడా జాలేసింది. కానీ ముప్పై ఏళ్ళ కాపురం చేసిన మనిషి కదా, జాలి ఎంతవరకు చూపించాలో తెలుసు. "ఇదంతా నాతో చెప్తే ఏం లాభమండీ? వెళ్ళి ఆ పిల్లతో చెప్పండి. ముందు బూట్లు విప్పండి, దుప్పటికి మట్టి అంటుతోంది."

గురువారం మళ్ళీ ఆరు కుర్చీలు వేశారు. పిల్లలు గోడని తన్నుకునే పోటీ మొదలెట్టేలోపే మాస్టారు అట్టముక్క జిరాఫీ చేతికిచ్చాడు. "ఇవాళ నువ్వడుగు. నేను జవాబు చెప్తాను. తప్పు చేసినవాళ్ళ కుర్చీ నాది."

జిరాఫీకి ఇంతకంటే పెద్ద పండగేముంటుంది? గొంతు సవరించుకుని, మీసం లేని చోట మీసం దువ్వి, అచ్చం మాస్టారి గొంతుతోనే అడిగాడు. "ఏం జరిగింది?"

మాస్టారు బంతి రెండు చేతులతో పట్టుకున్నాడు. పేర్లు గుర్తుపెట్టుకోవడం బద్ధకమై వంకలనే పేర్లుగా పెట్టడం అలవాటు చేసుకున్నానని చెప్పాడు. నవ్వించాననుకుని నలభై మంది చేతికి రాయి ఇచ్చానని చెప్పాడు. మొన్న తనకి ఎంత కష్టమేసిందో కూడా దాచకుండా చెప్పి, ఆ పిల్ల వైపు తిరిగి, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన నోటి వెంట ఆ మాట రావడం అదే మొదలు. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

ఆ పిల్ల చెయ్యి చాపింది. బంతి తీసుకుంది.

"నేను కూడా నవ్వేదాన్నని అన్నావు కదరా నువ్వు" అంది ముందు బండరాయితో. "నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని నవ్వాను. ఇంటికెళ్ళాక దవడలు నొప్పెట్టేవి."

బండరాయి తల వంచుకున్నాడు. "నాకు తెలీదు. నిజంగా తెలీదు" అన్నాడు, ఈసారి కుర్చీ కదపకుండా.

"మరి ఎవరికి ఎలా నష్టం కలిగింది?" జిరాఫీ అడిగాడు, ఈసారి తన సొంత గొంతుతో.

"పేరొక్కటే కాదు సార్." ఆ పిల్ల మాస్టారి వంక సూటిగా చూసింది. "ఆరోజు మీరు నన్నెందుకు ఆపారు? ఇంకొక్క మలుపే ఉంది. నేను ఆగి, మందు పీల్చుకుని, మళ్ళీ పరిగెత్తేదాన్ని. ఎండాకాలమంతా మా వీధిలో అలాగే ప్రాక్టీసు చేశాను. ఆరోజు నుంచి ఖోఖోలోకి రానివ్వరు, కబడ్డీలోకి రానివ్వరు. సారే దిగిపొమ్మన్నారుగా అంటారు. కూర్చుని అందరి చెప్పులకీ కాపలా కాస్తున్నాను."

"నీకు ఏమైనా అవుతుందేమోనని భయమేసిందమ్మా నాకు."

"అమ్మ మీకు డాక్టరుగారి ఉత్తరం పంపిందిగా సార్? మొదటి రోజే తెచ్చి మీ బల్ల మీద పెట్టాను."

మాస్టారు లేచి, గది మూలనున్న తన బల్ల సొరుగు లాగాడు. పంపు సూదులు, తెగిన తాళ్ళు, తుప్పు పట్టిన బ్యాడ్జీలు. వాటికింద ఒక కవరు. కవరు చింపే ఉంది. ఆరోజు తీసి, పైన పేరు చదివి, ఈ పిల్ల ఎవరబ్బా అనుకుని, ఎవరో తెలిసినప్పుడు చూద్దాంలే అని సొరుగులో పడేశాడు. పేరున్న పిల్లా, కుక్కరూ ఒకరేనని ఆయనకెలా తెలుస్తుంది! ఇప్పుడు నిలబడే చదివాడు. 'ఈ అమ్మాయి పరిగెత్తవచ్చు. పరిగెత్తడం తనకి మంచిది. ఆయాసం వస్తే తనే ఆగి మందు తీసుకుంటుంది. దయచేసి ఆపవద్దు.' ఆ 'ఆపవద్దు' కింద డాక్టరు రెండు గీతలు గీశాడు.

మాస్టారు కాగితం మడవలేక మడిచాడు. 

జిరాఫీ అట్టముక్కలో ఆఖరి ప్రశ్న వెతుక్కున్నాడు. "దాన్ని సరిచెయ్యాలంటే ఏం చెయ్యాలి?"

"రేపు డ్రిల్లులో నేను రౌండు పూర్తి చేస్తాను" అంది ఆ పిల్ల. "నాతో పాటు క్లాసంతా పరిగెత్తాలి. నా కోసం ఎవరూ మెల్లగా పరిగెత్తకూడదు. సార్, మీరు ఆగమని అనకూడదు. శభాష్ అని కూడా ఎవరూ అనకూడదు. అసలేమీ అనకూడదు."

"ఏమీ అనకూడదా?" అన్నాడు మాస్టారు దీనంగా. దానికన్నా ఇరవై రౌండ్లు తిరగమన్నా తిరిగేవాడు.

"ఏమీ" అంది పిల్ల.

శుక్రవారం ఆఖరి పీరియడ్. పిల్ల తండ్రి టీసీ కోసం ముందే వచ్చేసి మేడంతో పాటు వరండాలో నిలబడ్డాడు. మాస్టారు స్టాప్‌వాచీ నొక్కాడు, విజిలూదాడు. అంతే, ఆ తర్వాత ఆయన మూగవాడు.

క్లాసంతా దూసుకుపోయింది. చెప్పినట్టే ఎవరూ మెల్లగా పరిగెత్తలేదు. జిరాఫీ ముందు, రేడియో దార్లో కూడా ఏదో చెప్పుకుంటూ మధ్యలో, బండరాయి ఆఖరున. అందరూ వచ్చేశారు. బండరాయి గీత దాటగానే మాస్టారు స్టాప్‌వాచీ ఆపాడు. గ్రౌండులో ఇంకా సగం దూరం ఉంది, అందులో ఆ పిల్ల ఒక్కతే ఉంది.

నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర ఆగిపోయింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. ఆ కీచుమనే ఊపిరి ఇక్కడిదాకా వినిపిస్తోంది.  వరండాలో తండ్రి ఒక మెట్టు దిగాడు, మేడం చెయ్యి అడ్డం పెట్టింది. మాస్టారి కుడిచెయ్యి విజిలు మీదికి వెళ్ళింది. ఎడంచేత్తో ఆ చేతిని పట్టుకుని కిందికి లాగి జేబులో కుక్కాడు. అమ్మా, చాలమ్మా, కూర్చో తల్లీ అనే మాటలు గొంతుదాకా వచ్చాయి. పెదాలు గట్టిగా కొరుక్కున్నాడు. ఇష్టంతో కూడా మనిషి నోరు మూసుకోవాలని ఆయనకి ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు.

పిల్ల జేబులోంచి గొట్టం తీసింది. పీల్చుకుంది. కాసేపు నిలబడింది. మళ్ళీ పీల్చుకుంది. నాలుగడుగులు నడిచింది. ఆ తర్వాత ఐదో అడుగు నడక కాదు, పరుగే. మలుపు తిరిగింది, సున్నం గీత మీదుగా వచ్చింది, దాటింది.

ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. మెచ్చుకోకూడదాయె! బండరాయి చప్పట్లకని చేతులెత్తాడు, జిరాఫీ ఆ చేతులు పట్టేసుకున్నాడు. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటి సంగతి ఎవరూ షరతు పెట్టలేదు కాబట్టి తిరగనిచ్చాడు.

పిల్ల రొప్పుతూ ఆయన ముందుకొచ్చి నిలబడింది. "నా టైమెంత సార్?"

మాస్టారు చేతిలో వాచీ చూసుకున్నాడు. బండరాయి దగ్గరే ఆగి ఉంది. ఈ పిల్ల పరుగుకి కూడా టైము రాయాలన్న ఆలోచనే ఆయనకి రాలేదు. పూర్తి చేస్తే చాలనుకున్నాడు. మళ్ళీ అదే తప్పు, మహానుభావుడు!

"చూడలేదమ్మా. ముందే ఆపేశాను" అన్నాడు చచ్చిపోయిన గొంతుతో.

"అందరికీ చూస్తారుగా!" పిల్లకి ఒళ్ళు మండిపోయింది. ఐదు నెలల్లో ఆ బడిలో అది గొంతెత్తి కోప్పడటం అదే మొదలు. అప్పటికి తండ్రి మెట్లు దిగి దగ్గరికొచ్చేశాడు, మేడం దగ్గర్నుంచి తిరిగి తీసుకున్న దరఖాస్తు చేతిలోనే ఉంది. "నాన్నా, ఇవాళ టీసీ వద్దు. సార్ నా టైము రాయలేదు. సోమవారం మళ్ళీ పరిగెత్తాలి."

తండ్రి కూతురి వంక చూశాడు. చెమటతో తడిసి, ఎర్రగా కందిపోయి, నడుం మీద చేతులు వేసుకుని దెబ్బలాడుతున్న ఆ పిల్లని చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకి. మాస్టారి వైపు తిరిగాడు.

"వారానికి ఎన్ని డ్రిల్లు పీరియడ్లండీ?"

"మూడండీ."

తండ్రి దరఖాస్తుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. "అయితే మూడు రోజులూ రాయండి."